సందు లేని డేరా

సూరత్‌లో మేముండే గోడాదరాలో చలికాలం అంటే జనవరిలో రెండు వారాలు తెల్లవారుజామున ఫ్యాను ఆపుతాం, అంతే. ఎనిమిదింటికల్లా మళ్లీ వేస్తాం. అలాంటి చోట ఇరవై ఆరేళ్లుగా ఉంటున్న నేను నీళ్లు గడ్డకట్టే చోటికి ఒంటరిగా వెళ్లి, నేను నేసిన బట్ట కిందే పడుకుని వచ్చాను. ఎట్లా ఉండిందని అడిగిన వాళ్లందరికీ చెప్పీ చెప్పీ గొంతు పోయింది. అందుకే రాస్తున్నాను.

నేను ఐదో తరగతి వరకే చదివాను. ఉత్తరాలు తప్ప ఏదీ రాయలేదు, ఫోన్లు వచ్చాక అవీ మానేశాను. అందుకని ప్రతి పేజీ నా భార్య సుగుణకు చదివి వినిపించాను. "గిది అబద్ధం" అని ఆమె అన్నచోటల్లా కొట్టేశాను. ఒక్క అబద్ధం మాత్రం ఉంచాను. అది నేను ఆమెకే చెప్పిన అబద్ధం. అది ఉండాల్సిందే అంది.

బట్ట నాదే

మాది కరీంనగర్ వైపు. సూరత్‌లో నైలాన్ బట్ట నేసే సాంచాల మీద నా పని. కరెంటు మగ్గాన్ని మా వాళ్లు సాంచా అంటారు. మా కార్ఖానాలో ఉన్నవి నీళ్ల సాంచాలు. సన్నటి నీటిధార పేక దారాన్ని ఈ పక్క నుంచి ఆ పక్కకు లాక్కుపోతుంది. పొద్దంతా కాళ్ల కింద తడే. పోయిన వానాకాలం ఆ తడికి నాకు నిమ్ము చేసి, మూడు వారాలు మంచం మీద ఉన్నాను. "చలి, తడి రెండూ ఒకేసారి తగలకుండా చూసుకో," అన్నాడు డాక్టరు.

మంచం మీద ఉన్నప్పుడే ఫోనులో ఒక వీడియో చూశాను. ఎవరో ఒకతను మంచులో చిన్న డేరా వేసుకుని ఒక్కడే టీ కాచుకుంటున్నాడు. చూసినవాళ్లంతా మంచు చూస్తారు. నేను బట్ట చూశాను. సన్న సన్న గళ్లు, గడి గడికీ ఒక లావు పోగు. చిరిగినా ఆ లావు పోగు దగ్గర చిరుగు ఆగిపోతుంది. నేను నేసే రకమే అది. మేం బట్ట సాంచా మీద నుంచి దించగానే మిల్లుకు పోతుంది, అక్కడ రంగు పడుతుంది, నీళ్లు దిగకుండా పూత పడుతుంది. ఆ తర్వాత ఎక్కడికి పోతుందో ఇన్నేళ్లలో నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఓహో, ఇక్కడికా పోయేది అనుకున్నాను. ఒక్కసారి నేనూ దాని కింద పడుకోవాలనిపించింది.

లేచి పనిలోకి వెళ్లాక సేఠ్‌ను అడిగితే, పూత వేసి వచ్చిన బట్టలో చివర మిగిలిన తొమ్మిది మీటర్లు నవ్వుకుంటూ ఇచ్చాడు. పక్క సాంచాలు చూసుకునే ఓదెలు నా చేతిలో మూట చూశాడు. వాడు నాకు బావమరిది వరస.

"ఏం కుట్టిస్తవ్ బావా?"

"డేరా."

"ఎవరి పెండ్లికి?"

"పెండ్లికి కాదు. నా ఒక్కనికే. మంచుల పండుకునేటందుకు."

ఆ సాయంత్రం వాడు మా గదికొచ్చి గడపలోనే నిలబడ్డాడు. "అక్కా, డాక్టర్‌ది తప్పు. బావకు నిమ్ము ఛాతిల కాదు, తలకాయల చేసింది," అన్నాడు.

సుగుణ ఇంట్లోనే మిషను మీద చీరలకు లేసు కుడుతుంది.  వాడు వెళ్లాక బట్టను రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది.

"పో. నేనే కుడ్త," అంది. "గని ఒక్క మాట. తిరిగొచ్చినంక నీ దగ్గు నా చెవుల పడ్డదో, గీ డేరాను నడిమికి కోసి స్కూటర్‌కు కవర్ చేస్త. మల్ల గుట్టల పేరెత్తద్దు."

నేను సరే అన్నాను. ఆమె సరదాకి అనలేదని నాకు తెలుసు.

కిరాణా కొట్టు కాంటా

బరువు ఏడు కిలోలు దాటితే నాకు ఎత్తు ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది. మా మెట్ల మీద నీళ్ల డబ్బాలు మోసి తెలుసుకున్నాను. అందుకని ప్రతి వస్తువూ మా గల్లీ కిరాణా కొట్టు కాంటా మీద తూచుకొచ్చాను. డేరాకు ఇనుప గడలు పెట్టకుండా, చేతికర్రనే మధ్యలో నిలబెట్టి చుట్టూ మేకులు కొట్టేలా కుట్టించాను. నడిచేటప్పుడు కర్ర, ఆగినప్పుడు అదే స్తంభం. మేకులు అల్యూమినియం కడ్డీ కోయించి చేయించాను. అంతా కలిపి కిలోంబావు. కింద పరుచుకోవడానికి రింగ్ రోడ్డు మార్కెట్‌లో పార్శిళ్లకు చుట్టే తెల్లని ఫోమ్ షీటు తీసుకున్నాను. ఎంత పెద్దదైనా గుప్పెడు బరువు కూడా ఉండదు. నేల చలి పైకి రాకుండా అదే ఆపింది. దుకాణంలో స్లీపింగ్ బ్యాగ్ ఐదు వేలు చెప్పారు. సుగుణ ఫైబర్ దూదితో సంచిలాంటి బొంత కుట్టింది, కాళ్ల వైపు మూసి. దాన్ని కాంటా మీద పెడితే పక్కనున్న గుజరాతీ ఆవిడ, "భాయ్, ఇది కిలో ఎంత?" అని అడిగింది.

చిక్కంతా డేరా పైభాగం దగ్గర వచ్చింది. సుగుణ అక్కడ కత్తెర పెట్టబోయింది.

"ఏంది, ఏం చేస్తున్నవ్?"

"జర సందు ఇడుస్తున్న. వంటింట్ల వెంటిలేటర్ లేదా, గట్ల."

"సందు పెడితే చలి రాదా? నీకు ఎరుకేనా, సందున్న బట్టను మా కాడ ఏమంటరో? డ్యామేజీ అంటరు."

"అది అమ్మే బట్ట. గిది పండుకునే బట్ట."

"బట్ట బట్టే."

నా తప్పు ఇక్కడే మొదలైంది. మా పనిలో ఒక్క పోగు తెగి వేలెడు సందు పడితే చాలు, దీపం వెలిగే బల్ల మీద పరిచి చూసి, మాస్టరు చుట్టూ సుద్దముక్కతో గీస్తాడు.  ఇరవై ఆరేళ్లు సందు పడకుండా చూడటమే నా బతుకు. సుగుణ కత్తెర పక్కన పెట్టేసింది. నేను అంతటితో ఆగలేదు. కుట్టిన డేరాను బల్బు ముందు పట్టుకుని, కుట్ల వెంట సూది చేసిన చిల్లులన్నిటికీ కొవ్వొత్తి మైనం రుద్దాను. చీమ కూడా దూరకుండా చేశాను.

స్వెటర్లమ్మ

చలికాలంలో సూరత్‌కు టిబెట్ వాళ్లు వచ్చి స్వెటర్ల దుకాణాలు పెడతారు. సూరత్‌లో ఆ స్వెటర్లు ఎవరు కొంటారో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. ఈసారి నేనే కొన్నాను. అన్నిటికన్నా లావుది చూపించమంటే, అక్కడి పెద్దమ్మ నన్ను ఎగాదిగా చూసింది. ఎక్కడికి, ఎన్ని రోజులు అని హిందీలో అడిగింది. చెప్పాను.

"లావుది ఒకటి వద్దు. సన్నవి మూడు వేసుకో. ఎక్కేటప్పుడు ఒకటి తీసెయ్, ఆగినప్పుడు వేసుకో. ఈ నూలు బనీను మాత్రం ఇంటి దగ్గరే వదిలెయ్. చెమట తాగి వదలదు."

లోపలికి సన్న ఉన్నిది, పైన పాతదే అయినా మెత్తటి జాకెట్, గాలి ఆగేందుకు సిల్కులా జారే పలచని కోటు. మూడూ కలిపి పదకొండు వందలు. చెవుల టోపీ ఊరికే ఇచ్చింది. "సూరత్‌లో నాలుగేళ్లుగా దుకాణం పెడుతున్నా, నిజంగా చలికి కొన్నవాడివి నువ్వే," అంది.

రైలులో

రైలులో ఒకటిన్నర రోజు. నా పైబెర్తు ముసలాయన ముజఫర్‌నగర్ దాకా వెళ్తున్నాడు. సుగుణ కట్టిచ్చిన సర్వపిండి ఇస్తే, చిల్లులున్న రొట్టెను ఎప్పుడూ చూడలేదని తిప్పి తిప్పి చూశాడు. చిల్లులు ఎందుకని అడిగాడు. నూనె పోయడానికి, లోపల కాలడానికి అని చెప్పాను. ఆ మాట నా నోటితోనే అన్నాను. అయినా డేరా సంగతి తట్టలేదు. ఆయన బెల్లం, వేరుశనగలు ఇచ్చాడు. దిగేటప్పుడు నా సంచి ఒక చేత్తో లేపి, "ఇంతేనా? ఇందులో ఇల్లు కూడా ఉందా?" అన్నాడు. ఉందన్నాను. గర్వంగానే అన్నాను.

సారీ

హరిద్వార్ నుంచి తెల్లవారుజామున బస్సు ఎక్కితే హిమాలయాల్లో ఊఖీమఠ్ అనే ఊరు చేరేసరికి పొద్దు వాలింది. దారంతా ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. నా పక్క సీటు పిల్ల రెండుసార్లు కక్కింది. రెండోసారి నా బూటు మీద. వాళ్లమ్మ నొచ్చుకుని నాకు నారింజపండు ఇచ్చింది.

జీపులు ఆగే చోట ఒక డ్రైవరు "సారీ! సారీ!" అని అరుస్తున్నాడు. ఆలస్యమైనందుకు చెబుతున్నాడేమో అనుకుని, "ఫర్వాలేదు భాయ్," అన్నాను. జీపులో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆ ఊరి పేరే సారీ. నేను ఎక్కాలనుకున్న దేవరియాతాల్ చెరువుకు దారి కూడా అక్కడి నుంచే. ఫోను చేసి చెబితే ఓదెలు, "ఇరవై ఆరేండ్ల సంది సారీలకాడనే ఉన్నవ్, పైసలు పెట్టుకొని మల్ల సారీకే పోయినవా బావా," అన్నాడు.

సారీలో ఒక ముసలమ్మ ఇంట్లో దిగాను. ఊరంతా ఆమెను దాదీ అంటారు. కింద గొడ్లు, పైన మనుషులు ఉండే రాతి ఇల్లు. మూడు వందలకు గది, తిండి. గది వద్దు, వెనక పొలంలో డేరా వేసుకుంటానంటే ఒప్పుకుంది కానీ, గది డబ్బులు తగ్గించలేదు. నాకు పెట్టింది ఏమిటో తెలుసా? తైద రొట్టె, అదే రాగి రొట్టె, ఉలవల పప్పు. మా అమ్మ చేసేదే. అవి మావేనని అనుకునేవాడిని. నెయ్యి మాత్రం మా ఇంట్లో అంత ఎప్పుడూ పడలేదు.

చీకటి పడకముందే డేరా వేశాను. అంచుల కింద నుంచి గాలి రాకుండా చుట్టూ మట్టి కప్పాను. లోపలికి దూరి జిప్పు పైదాకా లాగాను. అప్పుడు ఎంత వెచ్చగా ఉందంటే, సుగుణకు ఫోను చేసి, "చూసినవా? సందు లేదు, చలి లేదు," అన్నాను.

మొదటి పొద్దు

మెలకువ వచ్చేసరికి ముఖం మీద పిండిలాంటిది రాలుతోంది. డేరా లోపలంతా తెల్లగా సన్నటి మంచు పట్టింది. ఎండ తగలగానే అది కరిగి చినుకులైంది. ముక్కు మీద, టోపీ మీద, బొంత మీద. బొంత పైభాగం పిండితే నీళ్లు వచ్చేలా ఉంది. నా వీపు వణకడం మొదలుపెట్టింది. రెండుసార్లు దగ్గాను. మూడోది ఆపుకుందామని చూశాను, ఆగలేదు.

సరిగ్గా అప్పుడే సుగుణ ఫోను.

"ఏంది, గొంతు గట్లున్నది?"

"నెట్‌వర్క్ మంచిగ లేదు."

నేను ఉంచానని చెప్పిన అబద్ధం ఇదే.

డేరా పీకి ఎండకు అడ్డంగా పట్టుకున్నాను. మా చెకింగ్ బల్ల మీద చూసినట్టే జానెడు జానెడుగా చూశాను. ఎక్కడా చిల్లు లేదు. వాన పడలేదు, మంచు పడలేదు. నీళ్లెక్కడివి? నేను నేసినదే తప్పు బట్టా? పొలం గట్టు మీద కూర్చుండిపోయాను. ఇంకా కొండ ఎక్కనే లేదు. తడి బొంతతో ఎక్కితే నిమ్ము, ఎక్కకపోతే వచ్చిన పని కాలేదు. రెండింటికీ చివర ఉన్నది స్కూటర్ కవరే.

దాదీ పాలచెంబుతో వచ్చింది. తడిసిన బట్టను ముట్టుకుంది. నా దగ్గు వింది. ఆమె హిందీని నా మాటల్లో రాస్తున్నాను.

"తలుపు ఎంతవరకు మూశావు?"

"మొత్తం."

"పైన?"

"పైన సందే లేదు దాదీ. మంచి బట్ట."

ఆమె నవ్వలేదు. నా మణికట్టు పట్టుకుని గొడ్ల కొట్టంలోకి తీసుకుపోయింది. లోపల మూడు ఆవులు, వెచ్చటి వాసన. పైకి చూడమంది. గోడకూ కప్పుకూ మధ్య చెయ్యి పట్టేంత సందు ఈ మూల నుంచి ఆ మూలకు ఉంది. ఆవుల ఊపిరి పొగలాగా లేచి ఆ సందులోంచి బయటికి పోతోంది. సందు అంచున ఉన్న కొయ్యకు మాత్రం మంచు పట్టి ఉంది.

"నీళ్లు బయట నుంచి రాలేదు. నీ నోట్లోంచే వచ్చాయి. గొడ్లకు కూడా ఊపిరి పోయే దారి పెడతాం మేం. నువ్వు నీకు పెట్టుకోలేదు," అంది. "గొడ్డు చలికి చావదు, తడికి చస్తుంది," అని కూడా అంది.

డాక్టరు చెప్పింది అదే. సుగుణ చెప్పింది అదే. నేను ఆవుల దగ్గర విన్నాను.

కత్తెర

బొంతను గడ్డివాము మీద ఆరేశాను. ఫైబర్ దూది కాబట్టి మధ్యాహ్నానికల్లా ఆరింది. పత్తి దూదైతే మూడు రోజులు పట్టేది. దాదీ అల్లం, మిరియాలు, తేనె వేసి టీ ఇచ్చింది, గంటకొకటి.

సాంచాల మీద పనిచేసే వాళ్ల జేబులో ఎప్పుడూ చిన్న కత్తెర ఉంటుంది, తెగిన పోగుల కొసలు కత్తిరించడానికి. నా జేబులోనూ ఉంది. దాంతో కొసలు కోశానే గానీ, మంచి బట్ట ఎప్పుడూ కోయలేదు. డేరా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఎక్కడ కోయాలో సుగుణ చెయ్యి పెట్టి చూపించిన చోటు గుర్తుంది. సుద్ద లేదు, బొగ్గుముక్కతో గీత గీశాను. మా మాస్టరు డ్యామేజీకి గీసే గీతలాంటిదే. ఆ గీత మీద కత్తెర పెట్టి, తీసి, మళ్లీ పెట్టాను. 

మూడు వైపులా కోశాను, కన్నురెప్పలా లేచేటట్టు. పుల్ల పెట్టి రెప్పను పైకి నిలబెడితే మంచు లోపల పడదు, ఊపిరి బయటికి పోతుంది. గళ్లలో లావు పోగు ఉంది కాబట్టి, కోసిన చోటు నుంచి చిరుగు పాకలేదు. ఆ ఒక్కదానికి నాకు సంతోషం వేసింది.

చెరువు దగ్గర

మర్నాడు దేవరియాతాల్ ఎక్కాను. సారీ నుంచి నిటారుగా రాతిదారి. ఏడు కిలోలే అయినా పది అడుగులకోసారి ఆగాను. ఎక్కేటప్పుడు జాకెట్ తీశాను, ఆగినప్పుడు వేసుకున్నాను. పెద్దమ్మ చెప్పినట్టే. చెమట వీపు మీద నిలవలేదు. దగ్గు రెండు మూడుసార్లు వచ్చి పోయింది.

పైన అడవి చౌకీలో చీటీ రాయించుకుంటే, డేరాలు వేసుకోనిచ్చే జాగా గార్డు చూపించాడు. నేను డేరా నిలబెడుతుంటే వచ్చి బట్ట తడిమాడు.

"ఎక్కడ కొన్నావు?"

"కొనలేదు. నేనే నేశాను."

"ఈ చిల్లు?"

"అది నేనే పెట్టాను."

"ఎలుక కొరికిందేమో అనుకున్నాను," అన్నాడు.

ఆ పూట చౌకీ దగ్గర టీ కొట్లో పప్పూ అన్నం నూట ఇరవై. సూరత్‌లో అయితే రెండు పూటలు తినొచ్చు. కానీ ఆ బియ్యం ఎవరో వీపు మీద మోసుకొచ్చారు కాబట్టి నోరు మెదపలేదు.

రాత్రి లోపల మూడు పొరలూ వేసుకుని బొంతలో దూరాను. మొదటి చోటంత వెచ్చగా లేదు. రెప్పలోంచి చలి దిగి ముక్కు కొసను కొరికింది. అయినా దాన్ని మూయాలని అనిపించలేదు. అక్కడ ఏ శబ్దమూ లేదు. నా చెవుల్లో మాత్రం సాంచాలు ఆడుతూనే ఉన్నాయి. చాలాసేపటికి అవీ ఆగినట్టయింది. అప్పుడు నా ఊపిరి నాకు వినబడింది. లోపల గరగర లేదు.

పొద్దున లేచి మొదట కొండలు చూడలేదు. చెయ్యి పైకెత్తి బట్టను ముట్టుకున్నాను. పొడి. బొంత పొడి. సీసాలో నీళ్లు మాత్రం గడ్డకట్టాయి. దగ్గుదామని చూశాను, రాలేదు. అప్పుడు బయటికొచ్చాను. చెరువు అంచు అద్దంలా బిగుసుకుని, నడుమ నీళ్లలో చౌఖంబా కొండ తలకిందులుగా ఉంది. మొదట బూడిదరంగు, తర్వాత గులాబీ, తర్వాత తెలుపు. ఫోటో తీశాను కానీ నా వేలు అడ్డమొచ్చింది. వెనక్కి తిరిగితే డేరా రెప్పలోంచి ఇంకా సన్నగా ఆవిరి పోతోంది.

మళ్లీ గోడాదరా

ఇల్లు చేరేసరికి ఓదెలు స్కూటర్ మీద కూర్చుని ఉన్నాడు. "కవర్ వచ్చిందా బావా?" అన్నాడు.

సుగుణ వాడిని పట్టించుకోలేదు. నన్ను కూర్చోబెట్టి వీపుకు చెవి ఆనించింది. "ఊపిరి పీల్చు. ఇడువు. మల్లొకపారి." ఐదారుసార్లు చేయించింది. తర్వాత లేచి నా సంచి విప్పి, డేరాను దండెం మీద ఆరేసింది. నేను దారి పొడుగునా తయారుచేసుకున్న మాటలన్నీ అప్పుడే మర్చిపోయాను. ఆమె చెయ్యి ఆ రెప్ప దగ్గర ఆగింది.

"ఏంది గిది?"

"సందు."

"ఎవరు కోసిన్రు?"

"నేనే."

ఆమె చెయ్యి సందులో పెట్టి ఆ పక్కకు వేళ్లు ఆడించింది.

"నేను జానెడు దూరంల కత్తెర పట్టుకొని కూసుంటే కొయ్యనియ్యలె. బట్ట కొయ్యనీకి హిమాలయాలదాకా పోవాల్నా నీకు?"

ఓదెలు గట్టిగా నవ్వాడు. నేనూ నవ్వాను. సుగుణ నవ్వకుండా డేరాను దండెం మీద నుంచి తీసి మిషను దగ్గరికి తీసుకుపోయింది. స్కూటర్ గుర్తొచ్చి నేనూ ఆమె వెనకే వెళ్లాను. ఆమె డబ్బాలోంచి చీర అంచుకు వేసే పట్టీ తీసి, కోసిన అంచు మీద మడిచి పెట్టింది.

"గిట్లనే ఇడిస్తే పోగులు ఊడుతయి. వచ్చేసారికి ఉండది," అంది.

"వచ్చేసారా?"

ఆమె సూదిలో దారం ఎక్కించింది. "రెప్ప ఎంత లేవాలె, చూపియ్," అంది. నాలుగు వేళ్లు చూపించాను. ఆమె తొక్కడం మొదలుపెట్టింది.

మా స్కూటర్ ఇప్పటికీ కవర్ లేకుండానే ఎండలో నిలబడి ఉంది.